గుండీల పాలపిట్ట

దసరా పొద్దున దశరథం వేసుకున్న ఎత్తు చాలా చిన్నది. ఆరుగురు మనవలను ఊరి బయటి మెట్ట చెలకల దాకా తీసుకుపోవాలి, పాలపిట్టను చూపించాలి, యాట కూర ఉడికే వేళకు ఇంటికి చేరాలి. పెద్దపల్లి దగ్గరి ఆ నేతగాళ్ల పల్లెలో, పండుగనాడు పాలపిట్ట కనబడితే ఏడాదంతా మంచే అని నమ్మకం. బెల్లంపల్లి బొగ్గుబావుల కాడి నుంచి వచ్చిన చిన్న మనవరాలు సక్కుబాయి, ఆరేళ్లు నిండినా ఆ పిట్టను చూడనే లేదు. మిగతా ఐదుగురూ అదే పనిగా ఏడిపిస్తున్నారు.

"నా సక్కుకు పాలపిట్టను చూపెట్టేదాక నేను బుక్క ముట్ట!" అని దశరథం అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాడు.

భార్య కమలవ్వ గబగబా ఆయన పక్కకు వచ్చింది. ముసలాయన కళ్లకు పొరలు కమ్మి రెండేళ్లయింది. మగ్గం మీద పోగు తెగితే వేళ్లతో తడిమి అతుకుతున్నాడు గానీ, ఆ సంగతి కమలవ్వకు తప్ప ఎవరికీ పొక్కనివ్వలేదు. ఆయన నేసిన చీర చూస్తే ఎవరికీ అనుమానం రాదు మరి!

"నీకు అగుపడతదా అయ్యా?" అని చెవిలో అడిగింది.

"నీకెందుకే ఫికర్? పిట్ట నీలంగుంటది. నీలం నాకు కనబడ్తది."

కనబడింది కూడా. మొదటి చెలక దాటగానే తుమ్మకొమ్మ మీద నీలం కదిలింది. "ష్! దండం పెట్టుండ్రి!" అన్నాడు. తాత మాట కదా, ఆరుగురూ చేతులు జోడించారు. తాత నడుం వంచి, చప్పుడు కాకుండా కొమ్మ దగ్గరికి పోయాడు.

"తాతా, పాలపిట్టకు గుండీలుంటయా?" అంది సక్కు.

అది ఆ ఊరి అంతయ్య కొత్త నీలం అంగి. దాన్ని కొమ్మకు తగిలించి అంతయ్య పక్క బావి కాడ స్నానం చేస్తున్నాడు. సబ్బునురగ కళ్లతో చూస్తే, వంగి వంగి వస్తున్న ఒక మనిషి, వెనక ఒక మంద. "దొంగలు! నా పండుగ అంగి!" అని అరిచాడు. అది విని పక్క చేనులోంచి ముత్తయ్య కట్టె పట్టుకుని ఉరికాడు. ముత్తయ్య ఎందుకు ఉరుకుతున్నాడో తెలియనివాళ్లు చిరుతపులి వచ్చిందనుకున్నారు. పులిని బెదరగొట్టాలని డప్పులు తెచ్చారు. చూస్తుండగానే నలభై మంది జమయ్యారు. ఆ మోతకు చుట్టుపక్కల కాకి కూడా నిలవలేదు.

"నేను ముత్తయ్యా, దశరథాన్ని! కట్టె దించు జర!" అంటూ దశరథం వెనక్కి వెనక్కి నడిచి వరిమడిలో వెల్లకిలా పడ్డాడు. మనవలు కాలొకరు చెయ్యొకరు పట్టి లాగబోయి, నలుగురు తాత మీదే పడ్డారు. బయట నిలిచిన ఇద్దరు నవ్వలేక చచ్చారు.

ఊరంతా వెంట రాగా ఇంటిదారి పట్టారు. అంతయ్య అంగి తొడుక్కుంటూ మన్నించమంటున్నా దశరథానికి వినబడలేదు. ఒట్టు ఒట్టుగానే మిగిలింది. "పొద్దుగూకేలోపు చూపెడ్త బిడ్డా," అంటూ సక్కు చెయ్యి గట్టిగా పట్టుకుని నడిచాడు.

పెరట్లో కమలవ్వ మూతి మీద వేలేసుకుని నిలబడి ఉంది. నిన్న రంగు వేసిన నీలం నూలు చిలపలు కట్టలు కట్టలుగా దండెం మీద ఆరుతున్నాయి. దశరథానికి అంతకు మించి ఏమీ కనబడలేదు. ఇంతలో వెనక ఎవరో డప్పు మీద ఒక్క దెబ్బ వేశారు.

"అయ్యో! నా నూలు ఎగిరిపోతున్నదే!" అని కేక పెట్టాడు.

"నూలు గాదు తాతా, పాలపిట్ట!" సక్కు అరుగెక్కి, రెండు చేతులతో ఆయన గడ్డం పట్టి పైకి తిప్పింది. "గటు గాదు, గిటు చూడు!"

రెక్కలు విప్పిన ఆ నీలం పొరలు కమ్మిన కళ్లకూ అందింది. బురద చేతులు జోడించి, మనవరాలు చూపించిన పిట్టను చూస్తూ దశరథం అందరి ముందూ ఏడ్చేశాడు. ముత్తయ్య కట్టె కింద పెట్టి దండం పెట్టాడు. నలభై మందీ పెట్టారు.

"పొద్దటి సంది గీడనే కూసున్నది," అంది కమలవ్వ. "చెప్దామంటే ఇంట్ల ఎవలున్నరు?"

ఆ పిట్ట దండెం ఏ కొస నుంచి ఎగిరిందంటే ఆరుగురు మనవలూ ఇప్పటికీ తలా ఒక మాట చెబుతారు గానీ, తాత పడ్డ మడి ఏదంటే మాత్రం ఆరు వేళ్లూ ఒక్క చోటే చూపిస్తాయి.