ఊకపొడి బల్ల

ఉప్పల్‌లో స్టేడియం కట్టిన కొత్తలో, ఓ సోమవారం పొద్దున్నే చిదంబరం ఊకపొడి డబ్బాతో చిల్కానగర్‌లోని అద్దె ఇంటి నుంచి తను పనిచేసే నాచారం ప్లాస్టిక్ ఫ్యాక్టరీకి బయలుదేరాడు. ప్లాస్టిక్‌లో ఊకపొడి కలిపి బడిబల్లలు చేయాలన్నది అతని పథకం. ఊక మీద మైనంలాంటి జిడ్డు ఉంటుంది. అది వదిలితేనే ప్లాస్టిక్ ఊకను గట్టిగా పట్టుకుంటుంది. అందుకే ఫ్యాక్టరీలో పనిచేసే ఉప్పలయ్య పొడిని కాస్టిక్ సోడా నీళ్లలో కడిగాడు. నాచారంలో మసి పడుతుందని చిదంబరం దాన్ని తన డాబా మీద ఆరబెట్టాడు. ఆరాక ఇంటి ఓనరు సారలమ్మ డబ్బాకెత్తి పెట్టింది.

బల్ల చూసి ఆర్డరిస్తామన్న బడివాళ్లు అనుకున్నదానికన్నా ముందే దిగారు. ఆ కంగారులో చిదంబరం పొడిని చూడకుండానే మిక్సర్‌లో గుమ్మరించాడు. బల్ల తయారైంది.

"మా బల్ల మీద ఏనుగు కూర్చున్నా చెక్కుచెదరదు" అంటూ యజమాని భూషణం తానే కూర్చున్నాడు.

టప్పుమంది. ఆయన కాళ్లు పైకి లేచాయి. పట్టుకోబోయిన హెడ్మాస్టరు టీ గ్లాసుతో సహా ఆయన మీద పడ్డాడు. బడివాళ్లు ఆర్డరివ్వకుండానే వెళ్లిపోయారు.

విరిగిన అంచున పొడి ఇసుకలా రాలుతోంది. పట్టు లేదు.

"కడగకుండానే ఇచ్చావు కదూ?" అందరి ముందూ ఉప్పలయ్య మీద విరుచుకుపడ్డాడు చిదంబరం.

"చేతులు పొక్కంగ కడిగిన సార్."

"అబద్ధాలాడకు!"

ఉప్పలయ్య అతని వంక ఓసారి చూసి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని గేటు దాటి వెళ్లిపోయాడు.

సాయంత్రం మెట్ల దగ్గర సారలమ్మ ఎదురైంది. "పొడి మంచిగున్నదా బిడ్డా? పప్పుకు రాసినట్టే, పురుగు పట్టొద్దని జర ఆముదం రాసిన."

చిదంబరం చేతిలోని ఖాళీ డబ్బా మూత తీసి వాసన చూశాడు. "ఎంత రాశారు పిన్నిగారూ?"

"ఫికర్ జెయ్యకు. సీసా మొత్తం రాసిన."

ఆముదం లేని పొడితో చేసిన రెండో బల్ల విరగలేదు. భూషణం మాత్రం దాని గొప్పతనం గురించి నిలబడే చెప్పాడు.

వారం రోజులు వెతికితే ఉప్పలయ్య వేరే కంపెనీ షెడ్డులో కనిపించాడు. అరచేతుల మీద చర్మం ఇంకా లేచిపోయే ఉంది. చిదంబరం వాటివైపు చూడలేకపోయాడు.

"తప్పు నాదే ఉప్పలయ్యా. అందరి ముందూ అన్నాను, అందరి ముందూ ఒప్పుకుంటాను. వచ్చెయ్."

"వద్దు సార్. ఈడ మంచిగనే ఉన్న."

"ఇక్కడేం తయారుచేస్తారు?"

"బల్లలే సార్. ఇనుపయి."