బాదం చెట్టుకు కట్టిన లుంగీ

ముందుగా ఒక మాట. మా ఆయన పోయాకే నేను అక్షరాలు దిద్దాను. ఒత్తులు తారుమారైనా, దీర్ఘాలు ఎగిరిపోయినా చదివేవారు సర్దుకోవాలి. నా చెయ్యి నిదానం. ఒక పేజీ పూర్తయ్యేలోపు అన్నం ఉడికి, చల్లారి, మళ్లీ వేడి చెయ్యాల్సి వస్తుంది. ఈ కథలో మనుషులు మాత్రం ఒక్కరూ నిదానంగా ఉండరు.

లాటరీ తీసే రోజు పొద్దున, కోళ్లు ఇంకా కళ్లు తెరవకముందే వన్‌పెన్ లేచి పంది ఎముకల పులుసు పొయ్యి మీద పెట్టింది. ఆరోజు ఆమె నూడుల్స్ కొట్టు మొదలు. చిన్నప్పుడు కాపురానికి వచ్చినప్పటి నుంచి బజారులో మొగుడి అక్క ఉరై కొట్లో గిన్నెలు కడిగింది, ఉల్లికాడలు తరిగింది, ఆఖరికి పులుసు కూడా తనే కాచింది. పేరు మాత్రం ఉరైదే. ఇన్నాళ్లకు ఉతై థాని ఊళ్లో తన ఇంటి ముందే సొంతంగా నాలుగు బల్లలు వేసుకుంటానంటే ఉరై నవ్వి, "ఆ సందులోకి కుక్క కూడా దారి తప్పితేనే వస్తుంది. నెల తిరక్కుండా వచ్చేస్తావులే. గిన్నెల తొట్టి దగ్గర నీ పీట అలాగే ఉంచుతా" అంది.

ఆ పీట వన్‌పెన్ కలలోకి కూడా వచ్చింది.

సందు సంగతి ఎలా ఉన్నా, అసలు అడ్డం ఇంటి ముందున్న బాదం చెట్టు. గొడుగంత ఆకులతో వంగి కొట్టును మొత్తం కప్పేసింది. అందుకే పథకం వేసుకుంది. తెల్లవారగానే చెట్లు కొట్టే సవాత్ రంపం తెచ్చి చెట్టు కొట్టేస్తాడు. తొమ్మిది దాటాక మంచి ఘడియలో గుడి నుంచి పెద్ద భిక్షువుగారు వచ్చి నీళ్లు చల్లుతారు. ఆ తర్వాత జనం వస్తారు. వస్తారా అన్నదే గుండెలో గుబులు.

మేడమీద గదిలో కొత్తగా దిగిన హెండ్రిక్ అనే తెల్లదేశపు పరంగాయన ఉన్నాడు. ముసలాయన, మంచివాడు. మన భాష నెమ్మదిగా, పదం తర్వాత పదం పేర్చి మాట్లాడతాడు. ఈ దేశంలో ఎలా మసలుకోవాలో వన్‌పెన్ వచ్చిన రోజు నుంచీ నేర్పుతూనే ఉంది. ఇంట్లోకి చెప్పులతో రాకూడదు. ఎవరి తలా ముట్టుకోకూడదు. కాళ్లు ఎవరివైపూ చాపకూడదు. వయసెంతని ఎవరైనా అడిగితే కోపం తెచ్చుకోకూడదు, చెప్పెయ్యాలి. అర్థం కాకపోతే చిరునవ్వు నవ్వాలి. ఆయన అన్నీ తూచా తప్పకుండా పాటించేవాడు. గొడవ అక్కడే వచ్చింది.

ముందురోజు సాయంత్రం ఆయన స్నానం చేసి, సముద్రం ఒడ్డున కొనుక్కున్న రంగురంగుల చారల లుంగీని మేడ పిట్టగోడ మీద ఆరేశాడు. అది సరిగ్గా కొట్టు గుమ్మం పైకి వేలాడింది.

"అయ్యో అయ్యో!" అని వన్‌పెన్ గుండెలు బాదుకుంది. "హెండ్రిక్ గారూ, నడుముకు కట్టే బట్ట మనుషుల తలల పైన ఆరేస్తారా! రేపు తినడానికొచ్చేవాళ్లంతా దాని కిందనుంచి దూరాలా? నా కొట్టు తెరవకముందే మూసేలా ఉన్నారే! కిందికి ఉండాలండీ, కిందికి!"

"కిందికి" అని ఆయన శ్రద్ధగా తల ఊపాడు.

మర్నాడు చీకట్లోనే ఆయన లుంగీ ఉతికి, కింద ఎక్కడ ఆరేయాలా అని వెతికాడు. బాదం చెట్టు కనిపించింది. మాను చుట్టూ, మనిషి నడుమెత్తున, గాలికి ఎగిరిపోకుండా ముందువైపు చక్కగా ముడి వేసి కట్టాడు. చేతిలో సగం తాగిన ఎర్ర సోడా సీసా ఉంది. దాన్ని పీల్చే గొట్టంతో సహా చెట్టు మొదట్లో పెట్టి, నది ఒడ్డుకు నడకకు వెళ్లిపోయాడు.

రంగుల బట్ట చుట్టిన మాను. ముందు ఎర్ర సోడా, అందులో గొట్టం. మా దేశంలో చెట్టులో ఉండే అమ్మదేవతకే అలా కట్టి, అలా పెడతారు. ఏ పిల్లనడిగినా చెబుతుంది, ఆ చెట్టులో ఎవరో ఉన్నారని.

మొదట చూసింది లమై. సైకిలు మీద పలక కట్టుకుని, దాని మీద ఇంకా అమ్ముడుపోని లాటరీ టికెట్లు పరుచుకుని ఆ సందు గుండా అడ్డదారిన పోతోంది. సైకిలు అక్కడే వదిలేసి మోకాళ్ల మీద కూలబడి దణ్ణం పెట్టింది. ఆమె వెనకే రంపం భుజాన వేసుకుని సవాత్ వచ్చాడు. చూశాడు. రంపం వీపు వెనక దాచుకున్నాడు.

చప్పుడు లేదేమిటని వన్‌పెన్ గరిటెతో బయటికి వచ్చింది. "ఏరా సవాత్, నిలబడ్డావేం? పొద్దెక్కుతోంది. మొదలుపెట్టు!"

"అక్కా, ఎంతమాట! సొంతదారు ఉన్న చెట్టు కొయ్యమని పిలుస్తావా నన్ను?"

"సొంతదారును నేనే కదరా!"

"బయట నువ్వు. నేను లోపలున్న ఆవిడ గురించి అంటున్నా."

వన్‌పెన్ అప్పుడు చూసింది లుంగీని. తల పట్టుకుంది. "ఓరి నాయనా, అది మా పరంగాయన లుంగీరా! ఆరేసుకున్నాడు!"

"ఏమే వన్‌పెన్, నువ్వే ఆలోచించు" అంది లమై, గొంతు తగ్గించి. "మన సంగతులేవీ తెలియని పరంగి మనిషి. ఇంత చక్కగా మాను చుట్టూ బట్ట కట్టాలని ఆయనకెలా తెలుస్తుంది? ముడి చూడు, ముందుకే వేశాడు. కలలో అమ్మ కనబడి చెప్పుంటుంది."

"కలా లేదు, గిలా లేదు! కిందికి ఆరెయ్యమని నేనే చెప్పా!"

"నీ నోట కూడా అమ్మే పలికించిందన్నమాట!" అన్నాడు సవాత్, ఒళ్లు జలదరించి.

వన్‌పెన్‌కు ఒళ్లు మండిపోయింది. గరిటె చంకలో పెట్టుకుని ముడి విప్పడానికి చెయ్యి చాచింది. అది లుంగీ అని తెలుసు. నిన్న పిట్టగోడ మీద వేలాడిందీ అదేనని తెలుసు. అయినా ముడి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఒకవేళ ఉంటే? కొట్టు తెరిచే రోజున, లోపల నిజంగా ఎవరైనా ఉండి, వాళ్ల బట్ట లాగినట్టైతే? చెయ్యి వెనక్కి తీసుకుని, ఎవరూ చూడకుండా చిన్న దణ్ణం పెట్టింది. ఇద్దరూ చూశారు.

ఇక ఆగేదేముంది! లమై సైకిలెక్కి బజారంతా చుట్టొచ్చింది. సందు నిండిపోయింది. చేపలమ్మేవాళ్లు, మోటారు బండ్ల వాళ్లు, బడికి పిల్లల్ని దింపి వచ్చిన తల్లులు. పూలదండలు, అగరొత్తులు వచ్చాయి. ఎర్ర సోడాలు వరస కట్టాయి. ఒకావిడ పౌడరు డబ్బా తెచ్చి మాను మీద చల్లి, గెలిచే లాటరీ అంకెలు తేలుతాయేమోనని అరచేత్తో రుద్దడం మొదలుపెట్టింది.

"ఆరు! ఆరు కనిపిస్తోంది!"

"కళ్లజోడు పెట్టుకో పిన్నీ, అది ఎనిమిది."

"చీమండీ అది. కదులుతోంది!"

అప్పుడే ఉరై వచ్చింది. కొత్త జాకెట్టు వేసుకుని, నడుం మీద చేతులు పెట్టుకుని, జనాన్నీ ఖాళీ బల్లల్నీ మార్చి మార్చి చూసింది. "పరవాలేదమ్మాయ్, మొదటి రోజే బోలెడు జనం. అందరి వీపులూ నీ కొట్టు వైపే ఉన్నాయి!"

వన్‌పెన్ పులుసు మూత తీసి, కలిపి, మళ్లీ మూసింది. కలపాల్సిన పనేమీ లేదు.

సరిగ్గా ఆ సమయానికి హెండ్రిక్ నడక ముగించుకుని సందు మలుపు తిరిగాడు. జనం దారి ఇచ్చారు. ఆయన చెట్టు ముందుకు వచ్చేసరికి ఎనిమిదైంది, స్తంభానికున్న మైకులో జాతీయగీతం మొదలైంది. అందరూ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. ఆయన కూడా, నేర్పినట్టే, చెట్టుకు ఎదురుగా కర్రలా నిలబడ్డాడు. పాట అయిపోయింది. అందరూ చెట్టుకు దణ్ణం పెట్టారు. అందరూ పెడుతున్నప్పుడు తను పెట్టకపోతే మర్యాద కాదని ఆయనా పెట్టాడు. జనంలో గుసగుస పాకింది.

"అయ్యా, అమ్మ కలలో ఏం చెప్పింది?" అని అడిగింది లమై.

ఆయనకు ముక్క అర్థం కాలేదు. అర్థం కాకపోతే ఏం చెయ్యాలో మాత్రం తెలుసు. నవ్వాడు.

"చూశారా! తెలుసు, చెప్పడు!"

"కొంచెమైనా చెప్పండి బాబూ! చివరి రెండంకెలు చాలు!"

ఆయన ఇంకా పెద్దగా నవ్వాడు.

"మీ వయసెంత?" అని అడిగాడు సవాత్, ఉండబట్టలేక.

ఇది ఆయనకు బాగా వచ్చిన ప్రశ్న. "అరవై ఎనిమిది" అన్నాడు, గర్వంగా.

"ఆరు! ఎనిమిది! మాను మీద పడ్డవే!" అని పౌడరావిడ కెవ్వుమంది. జనం లమై పలక మీద పడ్డారు. అరవై ఎనిమిదితో ముగిసేవి అయిపోయాయి. తిరగేసి ఎనభై ఆరు కొన్నారు. అవీ అయిపోతే, ఏదో ఒక మూల ఎనిమిది ఉంటే చాలన్నారు.

హెండ్రిక్‌కు స్నానానికి వేళైంది. లుంగీ కోసం వంగి ముడి మీద చెయ్యి వేశాడు.

"వద్దూ!" సందంతా ఒక్క గొంతుతో అరిచింది. వాళ్లకంటే గట్టిగా అరిచింది వన్‌పెన్.

ఆయన బిత్తరపోయాడు. "వన్‌పెన్ గారూ, మీరు కిందికి అన్నారు. నేను కిందికి కట్టాను. ఇంకా కిందికా?" అని, రెండు చేతులతో లుంగీని జాగ్రత్తగా మాను వెంట జార్చి, వేళ్ల దాకా దింపాడు.

"కూర్చుంది!" అన్నాడు సవాత్, కళ్లనీళ్లతో. "అమ్మ కూర్చుందిరోయ్! ఇక్కడే ఉండిపోతానంటోంది!"

వన్‌పెన్ కొట్లోకి పోయి పిండి బస్తా మీద కూలబడింది. గిన్నెల తొట్టి దగ్గరి పీట కళ్ల ముందు కనిపించింది.

చెప్పిన ఘడియకు పెద్ద భిక్షువుగారు శిష్యులతో వచ్చారు. జనం కాళ్లకు అడ్డం పడ్డారు. "గురువుగారూ, ఇందులో అమ్మ ఉందా లేదా, మీరే చెప్పాలి!"

ఆయన చెట్టును చూశారు, లుంగీని చూశారు, స్నానం చేసి, కట్టుకోవడానికి లుంగీ లేక తడి నిక్కరుతో నిలబడ్డ పరంగాయన్ను చూశారు. భిక్షువుగారికి ఏం అర్థమైందో గానీ, పెదవి కొస వణికింది. "ఉంటే చల్లిన నీళ్లు మంచివే. లేకపోతే చెట్టుకు నీళ్లు చెడ్డవా?" అని మంత్రజలం చల్లే పుల్లల కట్టతో నాలుగు చుక్కలు చల్లారు. "సరే, నన్ను పిలిచింది కొట్టుకు కదా. కొట్టేదీ?"

కొట్టేదీ అని ఆయన అడిగేదాకా అక్కడ కొట్టుందని సగం మందికి తెలియదు. భిక్షువుగారు లోపలికి నడిచారు. ఆ నీళ్ల చుక్క నెత్తిన పడాలంటే వెనకే వెళ్లాలి కదా. అందరూ తోసుకుంటూ దూరారు. మంత్రాలు అయ్యేదాకా చేతులు జోడించి కూర్చున్నారు. ముక్కులు మాత్రం జోడించి పెట్టుకోలేరు. పులుసు వాసన మంత్రాలకంటే ముందు అందరినీ చేరింది.

"వన్‌పెనక్కా, వెల్లుల్లి వేయించిన వాసనేనా అది?"

"అవును."

"లాటరీ తీసేది సాయంత్రానికి కదా. అందాకా ఊరికే ఎందుకు కూర్చోవడం? ఒక గిన్నె వెయ్యి."

"నాకు మాంసం ఉండలు ఎక్కువ!"

"చెట్టు కిందికి రెండు పంపించక్కా, ఇక్కడి నుంచి లేస్తే చోటు పోతుంది!"

వన్‌పెన్ చేతులకు రెక్కలొచ్చాయి. నూడుల్స్ ముంచింది, తీసింది, పోసింది, చల్లింది. బల్లలు చాలక పీటలు, పీటలు చాలక మెట్లు, మెట్లు చాలక చెట్టు నీడ. మధ్యాహ్నానికి పులుసు అడుగంటితే మళ్లీ కాచింది. గిన్నెలు చాలలేదు. కడిగేవాళ్లు లేరు. ఆ హడావుడిలో ఎవరో "పెద్దమ్మా, కాస్త ఆ గిన్నెలు ఇటు పడెయ్" అని ఉరైకే అన్నారు. ఆమె రుసరుసలాడుతూ చుట్టూ చూసి, కొత్త జాకెట్టు చేతులు పైకి మడిచి తొట్టి ముందు కూర్చుంది.

"వదినా, నువ్వెందుకు..." అని వన్‌పెన్ పరుగెత్తింది.

"నోర్మూసుకుని వడ్డించు. జనం ఎదురు చూస్తున్నారు" అంది ఉరై.

సాయంత్రం అందరూ రేడియో చుట్టూ మూగారు. చివరి రెండంకెలు వచ్చాయి. అరవై ఏడు.

వన్‌పెన్‌కు గరిటె చేతిలో చల్లబడింది. ఇక వీళ్లంతా లేచి, చెట్టునూ తననూ తిట్టి, ఈ సందు మొహం మళ్లీ చూడరు. సవాత్ లేచాడు. అతనే అందరికంటే ఎక్కువ టికెట్లు కొన్నాడు. "అమ్మా లేదు, గిమ్మా లేదు! ఉట్టి లుంగీ! అక్కా, పొద్దున నువ్వు చెప్పిందే నిజం. తప్పుకోండి, ఇప్పుడే కోసి పారేస్తా!" అని రంపం ఎత్తుకుని చెట్టు మీదికి పోయాడు.

వన్‌పెన్ ఎలా వచ్చిందో ఎవరూ చూడలేదు. రెండు చేతులా మానును వాటేసుకుని నిలబడింది. "చెయ్యి వేశావంటే పొయ్యి మీద మరిగే పులుసు తెచ్చి నీ నెత్తిన పోస్తా!"

"అదేమిటక్కా! పొద్దున కొయ్యమని నువ్వే కదా ప్రాణం తీశావు?"

"పొద్దున ఇది నా కొట్టుకు అడ్డంగా ఉంది. ఇప్పుడు నా కొట్టే దీని పంచన బతకాలి!"

"మరి నా టికెట్లు?"

వన్‌పెన్ ఒక్క క్షణం ఆలోచించింది. "ఎనిమిదికీ ఏడుకూ ఎంత తేడారా? ఒక్కటే కదా! ఆవిడ కొత్తగా వచ్చింది, ఇంకా చెయ్యి తిరగలేదు!"

లమై తల ఎత్తింది. పౌడరావిడ కళ్లు తుడుచుకుంది. "నిజమే. గురి ఒక్క వెంట్రుకవాసిలో తప్పింది!" "వచ్చేసారికి సర్దుకుంటుంది!" "పాపం, మొదటి రోజు కదా!" ఒక్కొక్కరే లేచి చెట్టుకు దణ్ణం పెట్టి, మర్నాడు పొద్దున్నే వస్తామని చెప్పి, పనిలో పనిగా నూడుల్స్ ఎన్నింటికి తయారవుతాయో కనుక్కుని వెళ్లారు.

ఆ చెట్టులో ఎవరైనా ఉన్నారో లేదో ఈనాటికీ తెలియదు గానీ, కొట్లో మాత్రం కూర్చోవడానికి చోటు దొరకదు.

— బున్‌రువాన్, డెబ్భై రెండేళ్లు. ఇప్పుడు ఉండేది ఉతై థానిలో, నది అవతలి ఒడ్డున.