వరుస తప్పని జవాబులు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు నలుగురు. మగ్గం నేసే వీరభద్ర, ఆయన భార్య గౌరి, దసరా సెలవుల్లో ఉన్న కూతురు సుజన, వీరభద్ర తల్లి మహాదేవమ్మ, అంటే సుజనకు జేజి. మగ్గాన్ని కలుపుకుంటే ఐదుగురు. కలుపుకోవడమే న్యాయం, ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ మాట్లాడేది అదే. పదిహేను రోజులుగా మాత్రం రాత్రి భోజనాలయ్యాక అది కూడా నోరు మూసుకుంటోంది.

పొద్దున పది గంటలకు నర్సు ప్రమీలారాణి వచ్చి, నాలుగు ప్రశ్నలడిగి, మహాదేవమ్మ జ్ఞాపకశక్తి ఎలా ఉందో చూసి పోవాలన్నది ఏర్పాటు. కారణాలు లేకపోలేదు. ఆ వారంలో ముసలామె పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది. ఎర్ర నూలు చుట్టాల్సిన కండెలకు పచ్చ నూలు చుట్టింది. కోడలు మంచినీళ్లిస్తే చల్లగా ఉన్నాయని తిట్టి, ఇంకో గ్లాసు ఇస్తే చల్లగా లేవని తిట్టింది. నర్సమ్మ గనక మతి తప్పిందంటే అమ్మ కండెలు చుట్టే రాట్నాన్ని అటకెక్కించి, కండెల పని బయటివాళ్లకు ఇచ్చేస్తానని వీరభద్ర భార్యతో గుసగుసగా అన్నాడు. సుజన ఆ మాట విన్నది. పెళ్లయి వచ్చిన మరునాటి నుంచీ జేజి ఆ రాట్నం ముందే కూర్చుంటోంది. అది లేకపోతే ఆమె చేతులు ఎక్కడ పెట్టుకుంటుంది?

చుట్టాలొస్తే వంటింట్లోంచి బయటికి రాని పిల్ల, నాయనతో ఏం వాదిస్తుంది? అందుకని రాసింది. డైరీలోంచి కాగితం చించి, నర్సులు అడిగేవి ఇవే అయ్యుంటాయని ఊహించి, జవాబులు ఒకదాని కింద ఒకటి రాసి, జేజికి పదిసార్లు చదివి వినిపించింది. పేరు, వారం, వయసు, పిల్లలెంతమంది, పొద్దున తిన్నదేమిటి. వరుసగా ఇవే చెప్పాలని, పైన ఒక్క మాట కూడా మాట్లాడొద్దని ఒట్టు వేయించుకుంది.

వరుస గురించి మహాదేవమ్మకు ఒకరు చెప్పనక్కర్లేదు. పాత పడుగుకు కొత్త పడుగు అతికేటప్పుడు పోగు తర్వాత పోగు, పక్కిల్లు కాలుతున్నా తలెత్తకుండా, వేల పోగులు అతికిన మనిషి. జవాబులను కూడా అలాగే పట్టుకుంది. ప్రశ్నలతో ఆమెకు పని లేదు.

ప్రమీలారాణి వచ్చి చాప మీద కూర్చుని, మర్యాదకు "బాగుండావా పెద్దమ్మా?" అంది. ఈ ప్రశ్న కాగితంలో లేదు.

"మహాదేవమ్మ," అంది జేజి.

"సరే. నీ పేరు?"

"బుధవారం."

నర్సు పెన్ను ఆగింది. "ఈ పొద్దు ఏ వారం?"

"అరవై ఎనిమిది."

"వయసెంత?"

"ముగ్గురు."

"పిల్లలెంతమంది?"

"ఉగ్గాని," అని ముగించి, పని పూర్తయినట్టు మహాదేవమ్మ మనవరాలి వైపు చూసింది.

గౌరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గోడవతల నిలబడిన పక్కింటి మల్లక్క చివరి ప్రశ్న, చివరి జవాబు మాత్రమే విన్నది. అవి చాలు. మహాదేవమ్మ కన్నబిడ్డలను బొరుగుల ఉగ్గాని అంటోందని వీధి ఆ చివరకు కబురు పోయింది. మల్లక్క అహోబిలం కుంకుమ తెచ్చి ముసలామె నుదురంతా పులిమింది. కడపలో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలని ఎవరో అన్నారు, అన్న నోరు మూసేలోగా గిడ్డయ్య ఆటో వచ్చి వాకిట్లో నిలబడింది. ఎటూ కడపకే గనక దర్గా కూడా చూసొద్దామని వీధిలో ఇద్దరు ఆడవాళ్లు ముందే ఎక్కి కూర్చున్నారు.

వీరభద్ర కళ్లు తుడుచుకుని, నిచ్చెన వేసి, రాట్నం భుజాన పెట్టుకున్నాడు.

ఆయన మూడో మెట్టు ఎక్కేసరికి సుజన వంటింట్లోంచి బయటికొచ్చింది. అంతమందిలో ఆమె గొంతు ఎవరూ ఎప్పుడూ విన్నది లేదు.

"అవి జేజి మాటలు కావు. నేను రాసిచ్చినేవి," అని కాగితం నర్సు చేతిలో పెట్టింది.

ప్రమీలారాణి పైనుంచి కిందికి చదివింది. నవ్వు ఆపుకొని, అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరికీ తట్టని ప్రశ్న అడిగింది. "పెద్దమ్మా, నువ్వు సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్లయింది?"

జవాబులు అయిపోయాయి కాబట్టి మహాదేవమ్మ సొంతంగా మాట్లాడాల్సి వచ్చింది. "పదైదు దినాలాయ. మగ్గం సప్పుడు లేకుంటే నాకు కన్ను మూతపడదు తల్లీ."

నిచ్చెన మీద వీరభద్ర నిలిచిపోయాడు. "నీ నిద్ర చెడతాదనే గదమ్మా, రేత్రిపూట నేసేది నిలిపింది?"

"నీకు నడుము నొస్తాందేమోనని నేను నోరెత్తలేదురా."

నిద్రకు మొహం వాచిన మనిషికి చిరాకూ మరపూ రెండూ వస్తాయని, ముందు పడుకోనివ్వమని, రెండు వారాలాగి మళ్లీ వచ్చి చూస్తానని నర్సు చెప్పింది. రాట్నం దిగింది. ఆటోలోంచి ఆ ఇద్దరూ దిగారు, అయిష్టంగా. వీరభద్ర వెంటనే మగ్గం ఎక్కాడు. నాలుగు దెబ్బలు పడగానే మహాదేవమ్మ ఆవలిస్తూ లేచి పక్కగదిలోకి నడిచింది.

సుజన వెనకే పోయి, తప్పయిందని చెప్పబోయింది. జేజి గడపలో ఆగి మనవరాలిని ఎగాదిగా చూసింది.

"ఈ పొద్దు గురువారం. సదువుకున్న పిల్ల సెప్పింది గదా అని బుధవారమన్నా. నర్సమ్మ ఇంకా ఈడనే ఉండాది, పోయి నువ్వూ ఒకసారి సూపించుకో," అని ఆమె మొహం మీదే తలుపు వేసుకుంది.