నడిమిలంకకు వంతెన ఎందుకండీ?

నవంబరు 18, మంగళవారం ఉదయం 7.35 గంటలకు భట్టిప్రోలు దగ్గర కృష్ణా పాయ మధ్యలో నడిమిలంక బల్లకట్టు ఆగిపోయింది. ఇంజిన్ ఫ్యాన్‌కు గుర్రపుడెక్క చుట్టుకుంది. బల్లకట్టు మీద పన్నెండు మంది మనుషులు, మూడు బైకులు, ఒక గేదె. ఆ మనుషుల్లో నేనొకణ్ణి.

ఇది శుభవార్త. ఆ లంకకు వంతెన వద్దని వాదించే నాబోటివాడికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కరేబియన్ సముద్రంలోని ఒక చిన్న ద్వీప దేశం గురించి ఈ మధ్యే చదివాను. రైలు లేదు. పక్క దీవికి వంతెన లేదు. ఫెర్రీ ఎప్పుడొస్తుందో గాలి చెప్పాలి. అక్కడ వారం రోజులు ఉండటానికి జనం రెండు విమానాలు మారి వెళ్తారు. అదే సదుపాయం మనకు తెనాలి నుంచి గంటన్నరలో దొరుకుతోంది. పాస్‌పోర్టు కూడా అడగరు!

వంతెనలున్న ఊళ్లు ఏం బాగుపడ్డాయి? అంగలకుదురు మనిషికి తెనాలిలో పనుంటే బండి తీస్తాడు, వెళ్తాడు, వస్తాడు. దారిలో ఎవరితోనూ మాట్లాడడు. పొన్నూరులో బస్సు తప్పితే వెనకాలే ఆటో ఉంటుంది. ఇక ఓర్పు ఎక్కడ నేర్చుకుంటారు? నడిమిలంకకు ఓట్లు అడగడానికి వచ్చినవాళ్లు బల్లకట్టు తిరిగి వెళ్లేలోపు ప్రసంగం ముగించాలి. ఈ భాగ్యం ఏ పట్టణానికి ఉంది?

కష్టం తీరితే గట్టెక్కాం అంటాం. ఆ మాటను రోజుకు రెండుసార్లు అక్షరాలా అనుభవించేది లంకవాళ్లే.

ఆ రోజు గట్టెక్కాల్సినవాళ్లలో ప్రేమకుమారి ఉంది. నర్సింగ్ చదివింది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉద్యోగానికి ఎంపికైంది. బాపట్లలో పదిన్నరకు సర్టిఫికెట్ల పరిశీలన. కాగితాలను ప్లాస్టిక్ కవర్లో, కవరును సంచిలో పెట్టి, సంచిని రెండు చేతులతో పట్టుకుంది.

"బాబాయ్, ఎంతసేపు పడుద్ది?" అని అడిగింది.

సరంగు ఆశీర్వాదం నడుముకు తాడు కట్టుకుని నీళ్లలో దిగి, కొడవలితో గుర్రపుడెక్క కోస్తున్నాడు. "ఐపోయిందమ్మా. ఐదు నిమిషాలు."

"ఆ ఐదు నిమిషాలు నా పెళ్లైన కాడి నుంచి వింటన్నా," అంది మంగాయమ్మ. గేదె ఆమెదే. "నువ్వు ఒడ్డుకి చేర్చేలోపు ఇది ఈనేట్టుంది, అబ్బాయ్."

"ఈనితే నీకే లాభం కదా పిన్నీ. ఒక టికెట్టు మీద రెండు దిగుతాయి."

ప్రేమకుమారి నవ్వలేదు. అవతలి గట్టున ఆటోతో ఉన్న ఇర్షాద్‌కు ఫోన్ చేసింది. "అన్నా, వెళ్లిపోమాకండి."

"ఎక్కడికి పోతానమ్మా? కనపడతానే ఉన్నావుగా. చెయ్యూపు."

ఆమె చెయ్యి ఊపింది. విమానాశ్రయాల్లో అయినవాళ్లకు అద్దాల వెనక నుంచి చెయ్యి ఊపాలి. ఇక్కడ అద్దం కూడా అడ్డు లేదు.

బల్లకట్టు 9.20కి గట్టు చేరింది. ఇర్షాద్ ఆటో ఎక్కడా ఆపలేదు. 11.05కు ప్రేమకుమారి ఆఫీసు మెట్లెక్కింది. రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా 'గైర్హాజరు' అని 10.45కే రాశారు.

బల్లకట్టు ఆగడం వల్ల ఆలస్యమైందని ఆమె అర్జీ పెట్టుకుంది. పదిహేను రోజులకు జవాబు వచ్చింది. 'నడిమిలంకకు రోడ్డు ఉన్నట్లు రికార్డులో ఉంది. కావున మీరు చూపిన కారణం చెల్లదు.'

ఆ రికార్డు నేను చూశాను. 'రోడ్డు: ఉంది. పొడవు: 800 మీటర్లు. స్థితి: బాగుంది. వంతెన: అవసరం లేదు.' రాసిన ఇంజినీరు వేసవిలో వచ్చారు. వేసవిలో పాయ ఎండిపోతుంది. ఊరివాళ్లు ఇసుక మీద వరిగడ్డి పరిచి బాట వేసుకుంటారు. ఆయన జీపు దిగకుండా ఊళ్లోకి వచ్చారు.

అప్పటి సర్పంచ్ శివరామయ్యను అడిగాను. "మజ్జిగ ఇచ్చామండి. తాగి, రోడ్డు బాగుందండి అన్నాడు. ఇంటికొచ్చిన మనిషి బాగుందంటే కాదని ఎట్టా అంటామండి? తమరి దయ అన్నాను. ఆ కాయితం మీద సంతకం పెట్టమంటే పెట్టాను."

వానలు మొదలైతే ఆ రోడ్డు మీద పది అడుగుల నీళ్లుంటాయి. రోడ్ల ఆఫీసులో ఆ మాట అడిగాను. రోడ్డు మాది, నీళ్లు వేరే శాఖవి అన్నారు.

రోడ్డు లేదని మీరే వచ్చి చూడండంటూ ప్రేమకుమారి మళ్లీ అర్జీ పెట్టింది. ఉద్యోగాల తుది జాబితా మార్చి 31న వెలువడుతుంది. అధికారులు తనిఖీకి ఒప్పుకున్నారు. ఆ లేఖ మొన్న గురువారం సాయంత్రం 4.10కి ఆమెకు అందింది.

తనిఖీ తేదీ మే 14.