సినిమాలో లేని లిఫ్టు

తత్వం చెప్పే యానిమేషన్ సినిమాలను వెక్కిరించేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. అర్థం కాని సినిమాను మించిన మందు ఏ డాక్టరు దగ్గరా లేదని నా గట్టి నమ్మకం. నమ్మరా? అయితే మా బావగారి సంగతి వినండి.

ఆయన లిఫ్టులు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజర్. ఊళ్లో ఏ లిఫ్టు మొరాయించినా ముందు మోగేది ఆయన ఫోనే. ముద్ద నోట్లో పెట్టుకోబోతే ఫోను. తల దిండుకు ఆనిస్తే ఫోను. సెలవు రోజైతే మరీనూ, జనం కుటుంబాలతో సహా ఎక్కి ఇరుక్కునేది ఆ రోజే కదా! నాన్న బొమ్మ గీయమని బళ్లో అడిగితే, ఆయన కూతురు చెవికి ఫోను అంటించి మరీ గీసింది. ఆ పిల్లతో ఒక్క పూట తీరిగ్గా గడపాలని ఆయన ఎన్నాళ్లుగానో తపించిపోతున్నారు.

అలాంటి మనిషికి కంపెనీ ఏం చేసింది? ఓవర్‌టైమ్ తగ్గించిందా? ఛ, మేనేజర్‌గారికి అంత చవకబారు ఆలోచన ఎందుకొస్తుంది! ఉద్యోగుల మనసులు అలిసిపోయాయని కనిపెట్టి, వారానికొక్కటే వచ్చే సెలవు రోజున, కుటుంబాలతో సహా అందరూ తప్పక రావాలంటూ సినిమా ఏర్పాటు చేశారు. కలల మీద తీసిన తాత్విక సినిమా. విడుదలై పాతికేళ్లయిందట, ఆ సందర్భంగా ప్రత్యేక ప్రదర్శన. చివర్లో చర్చ కూడానూ! ఆ పూట లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ల గతేమిటని అడక్కండి. వాళ్లకూ కాస్త ఆలోచించుకునే తీరిక దొరికింది.

అక్క రమ్మంటే నేనూ వెళ్లాను. సినిమా గొప్పతనం చెప్పనలవి కాదు. ఒక గుడ్లగూబ ఒకరి కలలోంచి ఇంకొకరి కలలోకి ఎగురుతూ, నిద్ర లేచిన ప్రతివాడినీ ‘నువ్వు లేచావని నీకెవరు చెప్పారు?’ అని అడుగుతుంది. వాడు ఆలోచిస్తాడు. గుడ్లగూబా ఆలోచిస్తుంది. వెనకాల ఫిడేలు కూడా ఆలోచిస్తుంది.

గుమ్మం దగ్గరే అందరి ఫోన్లూ ఒక ట్రేలో పెట్టించారు. బావగారి చేతిలో ఫోను లేకపోవడం పెళ్లయ్యాక అదే మొదటిసారి. గుడ్లగూబ రెండో కలలోకి ఎగిరేసరికి ఆయన కుర్చీలో ఒరిగిపోయారు. ఒళ్లెరగని నిద్ర. కూతురు ఆయన చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను చుట్టూ చూశాను. మేనేజర్‌గారి గడ్డం ఛాతీకి ఆనింది. చర్చ నడపడానికొచ్చిన విమర్శకుడు కూడా కళ్లు మూసుకున్నారు. ధ్యానమే అనుకుందాం, గురక వచ్చే ధ్యానాలూ ఉంటాయి.

దీపాలు వెలిగాయి. మేనేజర్‌గారు మైకు తెచ్చి నేరుగా బావగారి చేతికిచ్చి, మనసును తాకిన సీను చెప్పమన్నారు. ఆయనింకా సగం నిద్రలోనే ఉన్నారు. తనకొచ్చిన కల సినిమాలోదే అనుకున్నారు పాపం.

“లిఫ్టు దిగి ఇంటికెళ్తే, పాప తలుపు తీసి ‘ఎవరు కావాలండీ?’ అంటుంది చూడండి... అక్కడ తట్టుకోలేకపోయానండీ.”

ఆ సినిమాలో లిఫ్టు లేదు, పాప లేదు, అసలు తలుపన్నదే లేదు. గుడ్లగూబకు తలుపెందుకు? అయినా ఒక్కరూ నోరు మెదపలేదు. మెదిపితే సినిమా చూసినట్టు రుజువు చేసుకోవాలి మరి! ముందుగా విమర్శకుడు తేరుకుని, సినిమాకు ప్రాణం ఆ లిఫ్టు సీనేనని, లిఫ్టంటే మనిషి చైతన్యమని తేల్చేశారు. అక్కడ తనకు కన్నీళ్లు ఆగలేదన్నారు మేనేజర్‌గారు. హాలంతా చప్పట్లు. మా అక్క మాత్రం కొట్టలేదు. ఆ సీను ఎక్కడిదో ఆవిడకు తెలుసు.

ఇంతటి రసజ్ఞుణ్ణి ఎవరైనా వదులుతారా? ఇకపై ప్రతి సెలవు రోజూ ఉద్యోగుల సినిమా క్లబ్బు నడిపే బాధ్యత బావగారికే అప్పగించారు. పెనం మీంచి పొయ్యిలో పడ్డారని జాలిపడుతున్నారా? తొందరపడకండి! అక్కడ ఫోన్లు ట్రేలో ఉంటాయి. కుర్చీ మెత్తగా ఉంటుంది. అక్కా, పాపా చెరో పక్కన కూర్చుంటారు. ఆ కుటుంబం వారం మొత్తంలో ఒకచోట ఉండే పూట అదొక్కటే. మనిషి నిద్ర లాక్కుని, అందులోంచి చిటికెడు తీసి ఆయనకే కానుకగా ఇచ్చే కంపెనీకి మనం దణ్ణం పెట్టాలా వద్దా?

మొన్న ఇంకో సినిమా అయ్యాక, చర్చ మొదలుపెట్టమనడానికి మేనేజర్‌గారు మైకు పుచ్చుకుని బావగారి కుర్చీ దగ్గరికొచ్చారు. పాప తండ్రి చెయ్యి వదలకుండానే ఆయన వైపు తిరిగింది.

“మెల్లగా మాట్లాడండి అంకుల్. మా నాన్న ఇంటికొచ్చి పడుకున్నాడు.”