కాలనీకి కలిగిన పశ్చాత్తాపం

సోమవారం పొద్దున సదయ్య తన వరండాలో మిషనరీలకు మస్టర్ పెట్టాడు. మస్టర్ అంటే హాజరు. గోదావరిఖని గనుల్లో ఓవర్‌మన్‌గా ఏళ్ల తరబడి షిఫ్టులు నడిపించి, రిటైరయ్యాక నడిపించడానికి మనుషులు దొరక్క మూడేళ్లుగా బెంగ పెట్టుకున్న సదయ్యకు దేవుడు ఎట్టకేలకు ఇద్దరిని పంపాడు. ఒకడు ఫిజీ దీవుల నుంచి వచ్చిన అవినేష్. వాళ్ల ముత్తాత ఎప్పుడో చెరకు తోటల్లో కూలికి వలసపోయిన తెలుగువాడు. ముత్తాత రక్తం మిగిలింది గాని ముత్తాత భాష మిగల్లేదు. రెండోవాడు శ్రీలంక తమిళ కుర్రాడు నిరోషన్. ఇద్దరికీ తెల్ల చొక్కా, నల్ల టై, జేబు మీద పేరు చెక్కిన నల్ల బిళ్ల.

సముద్రాలు దాటి సువార్త చెప్పడానికి వచ్చిన ఈ పిల్లలకు స్వాగతం చెప్పి, ఊరి మర్యాదలు నేర్పి, కడుపు చూసుకోవడానికి చర్చి సంఘం వారు సదయ్య, సారవ్వ దంపతులను సీనియర్ జంటగా నియమించారు. అందుకోసం హైదరాబాదులో వారం రోజులు శిక్షణ కూడా ఇచ్చారు. ఎదుటివాళ్లు చెప్పేది ఓపికగా వినడం ఎలా అనే పాఠం జరిగిన పూట సదయ్య నిద్రపోయాడు.

ఈ సేవకు ఒప్పుకోవడంలో ఆయన భక్తి ఎంతో దేవుడికే తెలియాలి గాని, క్వార్టర్ మీద ఆశ ఎంతో కాలనీ అందరికీ తెలుసు. రిటైరయిన రోజే తాళంచెవి అప్పగించాల్సిన కంపెనీ క్వార్టర్ అది. కరెంటుకు బిల్లు లేదు, నీళ్లకు బిల్లు లేదు, పెరట్లో మునగచెట్టు, హాల్లో ఏసీ. ఖాళీ చెయ్యమని ఎస్టేట్ ఆఫీసు వాళ్లు వచ్చినప్పుడల్లా సదయ్యకు నడుం పట్టేసేది. ఈ మధ్య వాళ్లకు జాలి తగ్గుతున్నట్టు కనబడేసరికి ఆయనకు సేవాభావం పెరిగింది.

"విదేశాలకెల్లి వచ్చిన దేవుని బిడ్డలు పొద్దుమాపు తిరిగే ఇల్లే ఇది. గీ ఇంటిని ఎవడు ముట్టుకుంటడు?" అన్నాడు భార్యతో.

"దేవుడు ముట్టుకుంటడు," అంది సారవ్వ ఉప్మా కలుపుతూ.

ఆ ఉప్మా తింటున్న పిల్లలకు సదయ్య తెలుగూ హిందీ కలిపి డ్యూటీ వివరించాడు. "ఇగో, దేవుని మాట ముందుగాల తియ్యొద్దు. ఇంట్లకు పోవాలె. సీదా వంటింట్లకు. పొయ్యి చూడాలె, ఏం వండిండ్రు, దేని మీద వండిండ్రు అని అడగాలె. ఆడోళ్లు ఖుష్ అయితరు. గప్పుడు కూసొని చెప్పాలె. సమజైందా?"

"పరాయి మొగోళ్లను వంటింట్లకు ఎవలు రానిస్తరయ్యా?" అంది సారవ్వ.

"నువ్వు ఊకో. బొగ్గుబాయిల ఎంతమందిని నడిపిచ్చిన నేను? మనుషుల సంగతి నాకు చెప్తవా?"

అవినేష్ వినయంగా తల ఊపి, ఆ రెండు ప్రశ్నలూ తెలుగులో బట్టీ పట్టాడు.

సదయ్య మరిచిపోయిన సంగతి ఒకటుంది. కంపెనీ క్వార్టర్లలో కరెంటు ఊరికే వస్తుంది కాబట్టి గ్యాసు పొయ్యి చుట్టాల కోసం, వంట మాత్రం తీగచుట్టల కరెంటు హీటర్ మీద. అది నేరం. పట్టుకుంటే హీటరు గుంజుకుపోతారు, జీతంలో కోత పెడతారు. పోయిన వారమే పక్క కాలనీలో దాడి జరిగి లైన్లకు లైన్లు పొయ్యిలు లేకుండా పోయాయి. నిషిద్ధమైన వస్తువు మీదే ఉడికిన ఉప్మా తిని, ఆ పిల్లలిద్దరూ తెల్ల చొక్కాల్లో కాలనీలోకి బయలుదేరారు.

మొదటి ఇల్లు సమ్మవ్వది. పంపు దగ్గర అందరికంటే ముందు బిందె పెట్టే మనిషి, ఎవరికీ జంకదు. తలుపు తీసి టై చూసింది, బిళ్ల చూసింది, కొంగు సర్దుకుంది.

"నమస్తే మాతాజీ," అన్నాడు అవినేష్ వాళ్ల దీవుల హిందీలో. తర్వాత బట్టీ పట్టిన తెలుగులోకి దిగాడు. "మీ వంటిల్లు చూడొచ్చా? దేని మీద వండిండ్రు?"

బొగ్గు గనుల్లో అందరికీ తెలిసిన లెక్క ఒకటుంది. తెలుగు ఎంత తక్కువ వస్తే అంత పెద్ద ఆఫీసరు. గుమాస్తా తెలుగులో తిడతాడు, మేనేజరు ఇంగ్లీషులో తిడతాడు, ఢిల్లీ నుంచి వచ్చినవాడు హిందీలో మర్యాదగా అడుగుతాడు. ఇంత మర్యాదగా అడిగినవాణ్ణి సమ్మవ్వ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఈయన ఎంత పైనుంచి దిగాడో ఊహించడానికే ఆమెకు ధైర్యం చాలలేదు.

"మాకు గ్యాసే సారూ! ఒట్టు! హీటరంటే ఎట్లుంటదో గూడ తెల్వది," అంటూ దారికి అడ్డంగా నిలబడింది. వెనకాల వంటింట్లో పప్పు కుతకుత ఉడుకుతూనే ఉంది. నిరోషన్ ముక్కెగరేసి, వాసన బాగుందన్నట్టు చిరునవ్వు నవ్వాడు. ఆ నవ్వుతో సమ్మవ్వ పని అయిపోయింది. లోపలికి పరుగెత్తి, ప్లగ్గు పీకి, హీటరు తెచ్చి అవినేష్ చేతుల్లో పెట్టింది.

"తీస్కపోండ్రి సారూ. తప్పయింది. ఇంకెన్నడు చెయ్య. పిల్లలున్నోళ్లం, పేరు రాసుకోకుండ్రి," అని చేతులు జోడించింది.

వాళ్లు గేటు దాటక ముందే వార్త పెరటి గోడల మీదుగా చివరి లైను చేరింది. హీటర్లు బియ్యం డబ్బాల్లోకి, కోళ్ల గంపల కిందికి, పసిపిల్లల ఉయ్యాలల్లోకి పోయాయి. గ్యాసు బండలు ఎప్పుడో ఖాళీ అయి మూల నిలబడ్డాయి కాబట్టి, అటక మీద ఏళ్లుగా పడివున్న బొగ్గుల పొయ్యిలు కిందికి దిగాయి. మధ్యాహ్నానికి కాలనీ అంతా పొగ. దాచడం చేతకాని భయస్థులు సమ్మవ్వ దారే పట్టి, ఆ కుర్రాళ్లు అడగకముందే హీటరు అప్పగించి దండం పెట్టారు.

సాయంత్రం పిల్లలిద్దరూ రెండు సంచులు మోసుకుంటూ సదయ్య ఇంటికి తిరిగి వచ్చారు. అవినేష్ కళ్లు మెరుస్తున్నాయి. వచ్చిన నాలుగు తెలుగు ముక్కలకు హిందీ అతికించి చెప్పాడు.

"కాకా, మేమేం చెప్పలేదు. అందరు తప్పు చేసినం, ఇంకెన్నడు చెయ్యం అంటున్నరు. ఏడుస్తున్నరు!"

సదయ్య కుర్చీలోంచి లేచాడు. సువార్త వినకముందే పశ్చాత్తాపపడే జనం గురించి ఆయన శిక్షణలో కూడా వినలేదు. మెలకువగా ఉన్న పూటల్లో కూడా వినలేదు. "చూసినవానే? వంటింటికెల్లి షురూ చెయ్యమంటె అడ్డం మాట్లాడితివి!"

"మరి గీ హీటర్లేంది?" అంది సారవ్వ సంచిలో చూసి.

"పరదేశం పోరగాండ్లు, ఏం వండుకుంటరో పాపం అని ప్రేమతోటి ఇచ్చిండ్రు."

"ఊరంత ఒక్కటే తీరు ప్రేమనా? అందరు హీటర్లే ఇస్తరా?"

"నీకు విశ్వాసం తక్కువ," అని సదయ్య ఆ మాట అంతటితో తుంచేశాడు. బజార్లో పిల్లలు అద్దెకున్న గదిలో మీటరు ఉంది కాబట్టి హీటర్లన్నీ ఆయన క్వార్టర్లోనే ఉండిపోయాయి. ఒకదాని మీద స్నానాలకు నీళ్లు, ఒకదాని మీద కూర, ఒకదాని మీద చాయ. వారం గడిచేకొద్దీ హాల్లో ఏసీ కింద అవి గుట్టపడ్డాయి.

ఈ ప్రగతిని సదయ్య హైదరాబాదులో సంఘం వ్యవహారాలు చూసే రాజకుమారికి ఫోన్లో వర్ణించాడు. ఆవిడ ఉబ్బిపోయింది. "ఇంత పంటకు ఇద్దరు చాలరు బ్రదర్. శనివారం పొద్దున ఇంకో ఇద్దరిని పంపుతున్నాం. ఈసారి తెలుగు బాగా వచ్చిన కుర్రాళ్లు. ఆదివారం ప్రార్థనకు నేనూ వస్తాను," అంది. ఇక తన క్వార్టర్ జోలికి ఎవరూ రారని సదయ్య ఏసీ ఇంకొంచెం పెంచుకున్నాడు.

అదే సమయానికి కాలనీ ఓర్పు అడుగంటింది. పొగకు కళ్లు మండి, సమ్మవ్వ ఇంకో పదిమంది ఆడవాళ్లతో యూనియన్ నాయకుడు ఎల్లన్న మీద పడింది. "హీటర్లు గుంజుకుంటె గుంజుకోనీ అన్నా. రోజొచ్చి నవ్వుకుంట కూసునుడేంది? ప్రార్థన చేద్దామా అని అడుగుడేంది? మా పాణం తీస్తున్నరు!"

ఎల్లన్న ఎస్టేట్ ఆఫీసుకు ఫోను చేసి గర్జించాడు. ఆఫీసు వాళ్లు తెల్లబోయారు. వాళ్లు ఎవరినీ పంపలేదు. అంటే కంపెనీ పేరు చెప్పి ఎవరో దొంగలు కాలనీలో హీటర్లు దండుకుంటున్నారన్న మాట. మందమర్రి నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన భూపాల్ అనే యువ అధికారిని, ఇంకొకతన్ని తోడిచ్చి, శనివారం పొద్దునే జీపులో పంపారు. ఇద్దరూ తెల్ల చొక్కాలే వేసుకున్నారు. మెడలో కార్డులున్నాయి.

వాళ్లు ఇల్లిల్లూ వెతికారు. ఒక్క హీటరు దొరకలేదు. దాచినవాళ్లు కూడా రోజూ దాచలేక విసిగి, గురువారానికే పిల్లల చేతుల్లో పెట్టేశారు. ఎటు చూసినా బొగ్గుల పొయ్యిలే. హీటర్లు ఎవరు తీసుకుపోయారని అడిగితే అందరి వేళ్లూ సదయ్య ఇంటి వైపు చూపించాయి.

సదయ్య గేటు దగ్గరే బంతిపూల దండలతో నిలబడి ఉన్నాడు.

"రాండ్రి, రాండ్రి బిడ్డా! మీకోసమే చూస్తున్న!"

భూపాల్ మెడలో దండ పడింది. "మేం వస్తున్నట్టు మీకెట్ల తెలుసు?" అన్నాడు నివ్వెరపోయి.

"హైదరాబాదు నుంచి ఫోనొచ్చింది. మనకు పైన లైనుంటది."

భూపాల్ తోటివాడి వైపు చూశాడు. లోపలికి వచ్చి, గుట్ట చూసి, ఒక హీటరు చేతిలోకి తీసుకున్నాడు. "గీ హీటర్లన్ని ఎక్కడియి?"

"కాలనీవోళ్లయి. మన పిల్లలు ఇంటింటికి పోయి తెచ్చిండ్రు. అడిగే పనే లేదు, కండ్ల నీళ్లు పెట్టుకొని మరీ ఇస్తరు! రేపటికెల్లి సగం కాలనీ మీది, సగం వాళ్లది. ముందుగాల వంటింట్లకు చొరబడాలె. గా తరీక నేనే నేర్పిన."

"ఎన్ని రోజులనుంచి నడుస్తుంది గీ దందా?"

"దందా అంటవేంది బిడ్డా, సేవ అనాలె," అని సదయ్య మందలించాడు.

వంటింటి గుమ్మంలోంచి సారవ్వ గేటు బయట ఆగిన జీపు చూసింది, దాని మీద రాసిన కంపెనీ పేరు చదివింది. "ఏందయ్యా, ఒక్కసారి ఇటు రా," అంది.

"ఆగే. పిల్లలకు చెప్పనియ్యి."

"గందుకే రమ్మంటున్న."

"నడుమ మాట్లాడకు!"

కొత్త మిషనరీలకని వండి పెట్టిన ఇడ్లీ తింటూ భూపాల్ మెల్లగా అడిగాడు. "గీ క్వార్టర్ ఎవలి పేరు మీద ఉంది?"

"పేరుదేముంది? నేను డ్యూటీ దిగిపోయి మూడేండ్లాయె. ఇగో, ఇది గూడ నేర్చుకోండ్రి, పనికొస్తది. ఖాళీ చెయ్యమని ఎవడన్న వస్తడు. గప్పుడు లేసి నిలబడాలె. గిట్ల నడుం పట్టుకోవాలె. 'అమ్మా' అనాలె." సదయ్య నిలబడి, వంగి, మూలిగి చూపించాడు. బాగా చేశాడు. భూపాల్ తోటివాడు నవ్వు ఆపుకోలేక ఇడ్లీ పొలమారి దగ్గాడు. "వాడు అయ్యో అనుకుంట పోతడు. గింత అమాయకులు గా ఎస్టేట్ ఆఫీసోళ్లు!"

సరిగ్గా అప్పుడు గేటు ముందు ఆటో ఆగింది. తెల్ల చొక్కాలు, నల్ల టైలు, పెద్ద పెద్ద సూట్‌కేసులతో ఇద్దరు కుర్రాళ్లు దిగి, "ప్రెయిజ్ ద లార్డ్ బ్రదర్! హైదరాబాదు నుంచి రాజకుమారి గారు పంపారు," అన్నారు.

సదయ్య వాళ్లను చూశాడు. దండలు వేసుకున్నవాళ్లను చూశాడు. దండ కింద కప్పడిపోయిన కంపెనీ కార్డును భూపాల్ బయటకు లాగి, దండ మీద సర్దుకున్నాడు. గనిలో నెత్తి మీద పైకప్పు పెళపెళమన్న రోజుల్లో కూడా సదయ్యకు అంత భయం వెయ్యలేదు. ఆయన చెయ్యి దానంతట అదే నడుం మీదికి పోయింది.

"ఒద్దు కాకా," అన్నాడు భూపాల్. "ఇప్పుడే చూసినం."

ఆదివారం ప్రార్థన హాల్లో నిలబడడానికి చోటు లేదు. పిల్లలు తాము ఆఫీసర్లం కాదని, హీటర్లు లంచమో కానుకో తెలియక తీసుకున్నామని హిందీలో, తమిళంలో, చేతులతో క్షమాపణ చెప్పారు. కాలనీ వినిపించుకోలేదు. అసలు తనిఖీ వచ్చిన నాడు ఒక్క ఇంట్లోనూ హీటరు దొరకలేదు, ఒక్కరి జీతమూ తెగలేదు. అన్నిటి జరిమానా సదయ్య ఒక్కడి నెత్తిన పడింది. "ముందే తెలిసి తీస్కపోయిండ్రు. దేవుని మనుషులు గాకపోతె ఎట్ల తెలుస్తది?" అని సమ్మవ్వ లేచి సాక్ష్యం చెప్పింది. మొదటి వరసలో ఎల్లన్న కళ్లు మూసుకుని తల ఊపాడు. రాజకుమారి పొంగిపోయి, ఇంత పని చేసిన సీనియర్ జంట ఏరని అడిగింది.

సీనియర్ జంట ఆ సమయంలో సామాను ట్రాలీకి ఎక్కిస్తోంది. క్వార్టర్‌కు కంపెనీ తాళం పడింది. అంత తొందరగా ఇల్లు ఎక్కడా దొరక్క, బజార్లో పిల్లల గదికి ఆనుకుని ఉన్న చిన్న గదే దిక్కయింది. ప్రార్థన కాగానే అవినేష్, నిరోషన్ పరుగున వచ్చి మంచం మోశారు, నేల కడిగారు, చాయ పెట్టి గ్లాసులు చేతికిచ్చారు. ఎదురుచూడని ఆ ప్రేమకు సారవ్వకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇద్దరి తలలూ నిమిరింది.

"కాకా, ఫికర్ చెయ్యొద్దు. కరెంటు బిల్లు సగం మీరు, సగం మేము," అని అవినేష్ హిందీ కలిపిన తెలుగులో చెప్పి గోడ మీది మీటరు చూపించాడు.

సదయ్య దాని వైపు చాలాసేపు చూశాడు. తర్వాత లేచి, మనిషి లేని పక్క గదిలో తిరుగుతున్న ఫ్యాను ఆపాడు. పట్టపగలు వెలుగుతున్న లైటు ఆపాడు. చెమట తుడుచుకుంటూ, కిటికీ లేని తన గదిలో ఆ చీకట్లోనే కూర్చుని చాయ తాగాడు.

ఆ వారం కాలనీలో నిజంగా మారుమనసు పొందింది ఎంతమంది అని రాజకుమారి తర్వాత ఫోన్లో అడిగితే, సారవ్వ బాగా ఆలోచించి ఒక్కరని చెప్పింది.