అబిగయీలు ఐసు ఫ్యాక్టరీ దిగ్విజయము

శ్రీమద్భూమండల మధ్యమున, భరతఖండమున, ఆంధ్రదేశపు దక్షిణపు కొసన, ఒకపక్క బంగాళాఖాతము ఉప్పుగాలి విసరుచుండగా, మరొకపక్క రొయ్యల గుంటలలో ఏరేటర్లు జలధారలు చిమ్ముచుండగా, దక్షిణదిక్కున శ్రీహరికోట నుండి అప్పుడప్పుడు అగ్నిముఖములైన రాకెట్లు గగనమును చీల్చుచుండగా, కోట మండలమందలి ఒకానొక పల్లెలో, కాకియైనా ఇంకా కూయని శుభసమయమున, చర్చి గేటు ముందర ఒక వీరనారి వంగి బూట్ల తాళ్లు ముడివేసుకుంటున్నది. ఆమె గాథ చెబుతాను, వినండి. తీరిక లేనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లండి. మధ్యలో లేస్తే మాత్రం నాకు కోపం వస్తుంది.

ఆమె పేరు అబిగయీలు. అంగన్‌వాడీ ఉపాధ్యాయిని, గిద్యోను ధర్మపత్ని, మెర్లిన్ మాతృమూర్తి, ఇడ్లీపాత్రధారిణి, శిశుగణ నాసికామార్జన ధురంధర, నిండు గ్యాసు సిలిండరును ఒంటిచేత్తో దొర్లించగల భుజబలసంపన్న. ఇన్ని బిరుదులున్న ఆ తల్లికి పరుగనే విద్య మాత్రం రాదు. చిన్నప్పుడు బడి ఆటల పోటీలలో పరుగెత్తింది ఆమె చెల్లెలు రెజీనా. చెల్లెలి చెప్పులు చేత పట్టుకొని గీత అవతల నిలబడటం వరకే అక్క పని.

ఆ రెజీనా ఇప్పుడు నెల్లూరులో ఆస్పత్రిలో ఉంది. బ్లడ్ క్యాన్సరు. మందుల ధాటికి ఒంట్లో శక్తి పోయింది, బయటి గాలి సోకినా ప్రమాదమని ఒంటరి గదిలో ఉంచారు. చూడటానికి ఎవరినీ రానివ్వరు. మంచం మీద నుంచి తలుపు దాకా నడవాలన్నా నర్సు చెయ్యి పట్టుకోవాలి. ఇక్కడ నాకు సమాసాలు రావడం లేదు, ఉన్నమాట ఉన్నట్టే చెప్పాను.

ఆ జబ్బు వచ్చిన పేదవాళ్ల సహాయార్థం వచ్చే శనివారం నెల్లూరులో పరుగు పెడుతున్నారని తెలిసి, అబిగయీలు వెనకా ముందూ చూడకుండా పేరు ఇచ్చేసింది. ఇచ్చిన తరువాత గుండె జారి చెల్లెలికి ఫోను చేసింది.

“నువ్వేం గెలవబళ్లేదులే అక్కా,” అన్నది రెజీనా. “ఆగకుండా పరిగెత్తు, అది చాలు. ముందు మన చర్చి కాడ్నించి ఐసు ఫ్యాక్టరీ దాకా ఒక్క తూరన్నా ఆగకుండా పోయి చూపించు. ఫోను నడుముకు కట్టుకో. నీ అడుగులు వింటా ఉంటా. ఈడ మిషన్ల చప్పుడు తప్పితే ఇంకేం లేదు.”

“మధ్యలో ఆగితేనో?”

“ఆగితే నాకు బయమేస్తాది.”

అంతే. అబిగయీలు చెల్లెలి పాత బూట్లు అటక మీద నుంచి దింపి, సైజు పెద్దదైతే ముందు భాగంలో గుడ్డపీలికలు కుక్కి, చున్నీ నడుముకు బిగించి, మరునాటి ప్రాతఃకాలముననే సమరానికి బయలుదేరింది.

మొదటి అడ్డంకి ఇంట్లోనే ఎదురైంది. భర్త గిద్యోను పేరుకు బైబిలులోని మహాయోధుడు, మాటకు కట్టుబడే మనిషి, భార్య పరుగుకు పోతే ఇల్లు నేను చూసుకుంటానని శపథం చేసినవాడు. ఆమె గడప దాటిందో లేదో వంటింట్లో నుంచి ఆర్తనాదం వినిపించింది.

“అబీ! పాలు పొంగతా ఉండాయి!”

“పొయ్యి కట్టేయి!”

“యాడ కట్టేయాలా?”

ఇక మెర్లిన్ జడల సంగతి ఏం చెప్పమంటారు? ఒక జడ తల్లి వేసింది, రెండోది తండ్రి వేశాడు. ఆ పిల్ల బడికి పోతే టీచరు ముందు తల నిమిరి, తరువాత ఇంట్లో అంతా బాగున్నారా అని అడిగింది.

ఇల్లు జయించి రోడ్డెక్కితే అసలైన శత్రుసేన అక్కడ పొంచి ఉంది. ఆ సేన పేరు మంచితనం. బండి ఉన్నవాడు నడిచేవాళ్లను వదిలేసి పోకూడదనేది ఆ ఊరి ధర్మం. నడిచేవాళ్లకే అంత మర్యాద ఉంటే, తెల్లవారక ముందే జుట్టు రేగి, వగరుస్తూ పరుగెత్తే ఆడమనిషిని వదులుతారా? చేపల పెట్టెలు వెనక కట్టుకొని ఐసు ఫ్యాక్టరీకి పోతున్న పెంచలయ్య ఆమెను చూడగానే మోటారుసైకిలును రోడ్డుకు అడ్డంగా నిలిపాడు.

“ఏందక్కా ఈ పరుగు? ఆస్పత్రి నించి ఫోనొచ్చిందా? ఎక్కు, ఎక్కు, నెల్లూరు బస్సుకు అందిస్తా.”

“అదేం లేదు పెంచలయ్యా. ఊరికే పరిగెత్తతా ఉండా.”

“ఊరికే ఎవురు పరిగెత్తతారక్కా? నా కాడ దాస్తావా?” అంటూ ఆ దయాసముద్రుడు అక్కడికక్కడే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. రెజీనా బతికే ఉందని, మాట్లాడుతూనే ఉందని అతనికి నచ్చజెప్పి ఓదార్చేసరికి అబిగయీలు పరుగు వేడి చల్లారిపోయింది. అప్పుడు నడుము దగ్గర నుంచి సన్నని గొంతు వినబడింది.

“ఆగినావా అక్కా?”

పెంచలయ్యను ఎలాగో దాటవచ్చు. దాటరానివాడు పాస్టరు కృపాదానం గారు. పండుతల, గంభీరకంఠం, తెల్ల లుంగీ, పాత మోపెడ్. ప్రతి ఉదయం సంఘస్థుల ఇళ్లకు బయలుదేరే ఆ పుణ్యపురుషుడు సరిగ్గా సగం దారిలో ఎదురవుతాడు. అయ్యగారు కనబడితే ఆగి, చున్నీ తల మీదికి లాక్కొని, చేతులు జోడించి వందనాలు చెప్పడం అబిగయీలు పుట్టినప్పటి నుంచి ఎరిగిన మర్యాద. “రెజీనమ్మ ఎట్టుండాదమ్మా? ఒక్క మాట ప్రార్థన చేసుకుందాం,” అని ఆయన కళ్లు మూస్తారు. ఆమె కూడా మూస్తుంది. ఆ ఒక్క మాట లోకసృష్టితో మొదలై, రాజులను, మంత్రులను, డాక్టర్లను, నర్సులను, అంబులెన్సు తోలేవాళ్లను, సూదులు తయారుచేసేవాళ్లను వరుసగా దీవించి, రెజీనా మంచం దగ్గరికి చేరేసరికి పొద్దెక్కుతుంది, అబిగయీలు పిక్కలు బిగుసుకుపోతాయి. వేళ మార్చుదామంటే అంగన్‌వాడీ పిల్లలు గేటు దగ్గర కాచుకొని ఉంటారు. దారి మార్చుదామంటే రెండువైపులా రొయ్యల గుంటలు.

శత్రువు చేతిలో కత్తి ఉంటే ఎదిరించవచ్చు. చెల్లెలి కోసం ప్రార్థన పట్టుకొని ఎదురొస్తే ఏ వీరుడు మాత్రం ఏం చేస్తాడు? ఆమె రోజూ ఆగింది, రోజూ ఓడింది. రోజూ ఆ సన్నని గొంతు అదే ప్రశ్న అడిగింది.

గురువారం వచ్చింది. మరునాడు విశ్రాంతి, ఆపై నెల్లూరు పరుగే. ఇదే ఆఖరి అవకాశం. ఆ ఉదయం రెజీనా గొంతు మరీ నీరసంగా ఉంది.

“మంచం దిగబుద్ధి కావడంలా అక్కా. ఈ పొద్దన్నా ఆగబాక.”

అంతట ఆ వీరమాత, చెల్లెలి మాట చెవిలో మారుమోగుచుండగా, పీలికలు కుక్కిన బూట్లు టపటపలాడుచుండగా, నడుమున కట్టిన ఫోను కుడియెడమలకు ఊగుచుండగా, ఊరకుక్కలు రెండు సైన్యాధిపతులవలె ముందు నడచి తమ వీధి సరిహద్దు రాగానే నిర్దయగా విడిచిపోగా, ఎండుచేపల వాసనను ఛేదించి, గతుకులను లంఘించి, ఏరేటర్ల తుంపరలలో అభిషిక్తయై ముందుకు సాగింది. వెనక నుంచి పెంచలయ్య వచ్చి అలవాటుగా “ఎక్కతావా అక్కా?” అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతడు బెంగగా వెనకే బండి నడిపాడు.

సగం దారిలో మోపెడ్ కనబడింది.

అయ్యగారు బండి దిగి, స్టాండు వేసి, కళ్లజోడు తీసి జేబులో పెట్టారు. అప్పుడు అబిగయీలు మనసులో ఇట్లు గర్జించింది: “ఓ కాపరీ! ఓ కరుణామయా! నీ ప్రార్థనా నాకు కావలెను, నా పరుగూ నాకు కావలెను. ఒకదానికొరకు ఒకటి విడువజాలను. నిలిచిన భక్తినే గాక పరుగెత్తు భక్తిని సైతము దేవుడు ఆలకించునని నమ్ముచున్నాను!” ఊపిరి చాలక నోటి వెంట వచ్చింది మాత్రం ఇది:

“అయ్యగారూ! ఆగలేను! మీరే రాండి!”

ఊరి చరిత్రలో అయ్యగారిని దాటి పరుగెత్తినవాళ్లు లేరు. అప్పుడు ఆమె నడుము దగ్గర నుంచి, దూరమవుతూ, “రాండయ్యగారూ,” అన్న రెజీనా గొంతు ఆయన చెవిన పడింది. ఆ వృద్ధుడు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు, స్టాండు తన్నాడు, మోపెడ్‌ను వెనక్కి తిప్పాడు, ఆమె పక్కకు చేరాడు. ఇన్నేళ్ల సేవలో కళ్లు తెరుచుకొని ప్రార్థించడం ఆయనకు ఇదే మొదలు.

“ప్రభువా, నీ కుమార్తె రెజీనాను ముట్టు. ఆమె నెత్తురును శుద్ధి చెయ్యి. ఆమెకు బలం... బర్రె! బర్రెమ్మా, పక్కకు పో!... బలం దయచెయ్యి తండ్రీ!”

బర్రెల మంద రోడ్డంతా ఆక్రమించి నిశ్చింతగా నెమరువేస్తున్నది. ఆ నల్లని కోట ముందు అన్ని సాహసాలూ ముగిసేవే. కానీ ఇన్నాళ్లూ ఆమెను ఆపడమే పుణ్యమనుకున్న పెంచలయ్యకు ఆ క్షణాన విషయం అర్థమైంది. హారను వదలకుండా నొక్కుతూ, చేపల పెట్టెలు ఎగిరిపడుతుండగా ముందుకు దూకి, మందను రెండుగా చీల్చాడు. ఆ సందులోనుంచి ముందు అబిగయీలు, వెనక ప్రార్థన దూసుకుపోయారు. రాజులకూ మంత్రులకూ ఆనాడు దీవెనలు అందలేదు. ఉన్న కాస్త దారీ రెజీనాకే సరిపోయింది.

ఐసు ఫ్యాక్టరీ గోడను ఆమె రెండు చేతులతో కొట్టింది.

“ఆమేన్!” అన్నారు అయ్యగారు. “ఆమేన్!” అన్నది అబిగయీలు. ఎందుకైనా మంచిదని పెంచలయ్య కూడా దణ్ణం పెట్టాడు. ఫోనులో మాత్రం చప్పుడు లేదు.

“చెల్లీ? రెజీనా? ఉండావా?”

కొంతసేపటికి వగర్పు వినబడింది.

“ఉండానక్కా. నువ్వు పరిగెత్తతా ఉంటే నేనూ మంచం దిగినా. తలుపు దాకా నడిచినా. నర్సమ్మ చెయ్యి పట్టుకోలా. మీరు ఆమేన్ అనేదాకా నేనూ ఆగలా.”

అబిగయీలు ఐసు ఫ్యాక్టరీ మెట్ల మీద కూలబడి చున్నీలో ముఖం దాచుకొని ఏడ్చింది. అయ్యగారు కళ్లజోడు తుడుచుకోవడానికి చాలాసేపు తీసుకున్నారు. నేను మాత్రం ఏడవలేదు, ఉప్పుగాలి కంట్లో పడింది.

కావున దిక్కులారా, రొయ్యల గుంటలారా, దారి ఇచ్చిన బర్రెలారా, చాటుడి! ఆ గురువారము ఉదయమున కోట మండల వీరమాత అబిగయీలు చర్చి గేటు నుండి ఐసు ఫ్యాక్టరీ గోడ దాకా గల సువిశాల భూభాగమును నడుమ నిలువక జయించెను. అదే వేళ ఆమె సోదరి రెజీనా మంచము నుండి తలుపు దాకా గల దుర్గమమార్గమును అంతకన్న ఘనముగా జయించెను. ఇంటికి మరలవలసి వచ్చినప్పుడు వీరమాత తలయెత్తి, “పెంచలయ్యా, బండి తియ్యి నాయనా, కాళ్లు రావడంలా,” అనెను. ఎన్నాళ్లుగానో ఆ మాట కోసం కాచుకొని ఉన్న పెంచలయ్య, చేపల పెట్టె మీద తన తువ్వాలు పరిచి, దులిపి, మళ్లీ పరిచి, “ఎక్కక్కా,” అనెను.